ఆ రోజు నువ్వెక్కడున్నావు? బల్ల మీద రాజకీయాలూ సినిమాలూ మాట్లాడుకునే పద్ధతి

మా బల్ల తెనాలిలో కాలవ గట్టు మీద ఉంది. సిమెంటు బల్ల. వీపు ఆనే చోట ఎవరి జ్ఞాపకార్థమో పేరు చెక్కించారు గానీ, మా చొక్కాలు రాసుకుని రాసుకుని అక్షరాలు అరిగిపోయాయి. పొద్దున ఆరున్నరకు నలుగురం అక్కడ చేరతాం. నేను, రైసు మిల్లులో గుమాస్తాగా చేసి మానేసిన బావ, లెక్కల మాస్టారు, ఒకప్పటి కాంపౌండరు. బావంటే చుట్టరికం ఏమీ లేదు, నలభై ఏళ్లుగా అలా పిలుస్తుంటే అలాగే స్థిరపడిపోయాడు. నలుగురికీ కలిపి స్టెంట్లు మూడు, షుగరు ముగ్గురికి, బీపీ అందరికీ. ఇన్ని పెట్టుకుని పదకొండేళ్లుగా రోజూ రాజకీయాలూ సినిమాలే మాట్లాడుకుంటున్నాం. మధ్యలో ఒకే ఒక్కసారి మాటలు ఆగిపోయాయి, నలభై రోజులు. ఆ నలభై రోజుల తర్వాత పెట్టుకున్న పద్ధతులే ఇవి. మీ ఊళ్లోనూ ఇలాంటి బల్ల ఒకటి ఉండే ఉంటుంది, పనికొస్తాయేమో చూడండి.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. నేను సినిమా హాల్లో ఆపరేటర్ని. 1970లో, పదిహేడో ఏట, రీళ్లు చుట్టే కుర్రాడిగా క్యాబిన్ ఎక్కాను. హాలు మూసేసి కల్యాణ మండపం కట్టేదాకా దిగలేదు. ఇప్పుడు డెబ్బై రెండు.

నలభై రోజుల తగాదా

మాస్టారు కృష్ణ అభిమాని. తప్పు పట్టడానికేం లేదు, బుర్రిపాలెం మాకు పొరుగూరే. బావ ఎన్టీఆర్ మనిషి. ఇది సినిమా గొడవగా ఉన్నంతకాలం సరదాగానే నడిచింది. 1982 మార్చిలో ఎన్టీఆర్ పార్టీ పెట్టాడు, కృష్ణ కాంగ్రెస్‌లోకి వెళ్లి 1989లో ఏలూరు ఎంపీ అయ్యాడు. దాంతో మా వైపు హీరోల అభిమానులు కాస్తా పార్టీల వాళ్లైపోయారు. ఆ ఘాటు మా బల్ల మీద ఇంకా తగ్గలేదు.

ఓ పొద్దున 1984 ఆగస్టు మాట వచ్చింది. అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకొచ్చిన ఎన్టీఆర్‌ను గవర్నర్ రామ్‌లాల్ దించేయడం, నాదెండ్ల భాస్కరరావు ముఖ్యమంత్రి కావడం, నెల తిరిగేసరికి సెప్టెంబరు 16న మళ్లీ ఎన్టీఆరే ప్రమాణం చేయడం, ఇదంతా మా వయసు వాళ్లకు కంఠతా వచ్చు. బావ చక్రాల కుర్చీ ఘట్టం ఎత్తుకున్నాడు. రాజ్‌భవన్, కుర్చీ చక్రం కిర్రుమనడం, పక్కనున్న ఎమ్మెల్యేల కళ్లల్లో నీళ్లు. కుర్చీ తోసింది తనేనేమో అన్నట్టు చెబుతున్నాడు. మాస్టారు లెక్కల మనిషి కదా, కళ్లజోడు తుడుచుకుంటూ అడిగాడు.

"అది సరే బావా, ఆ రోజు నువ్వెక్కడున్నావు?"

బావ మాట పడిపోయింది. కాంపౌండరు నవ్వాడు, నేనూ నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది. బావ కండువా దులుపుకుని లేచి వెళ్లిపోయాడు. మర్నాడు రాలేదు, ఆ మర్నాడూ రాలేదు. దారిలో ఎదురైతే మెడికల్ షాపులోకి దూరేవాడు.

చివరికి కాంపౌండరే బీపీ మిషను పట్టుకుని వాళ్లింటికి వెళ్లాడు. చేతికి పట్టీ చుట్టి గాలి కొడుతూ, "ఇంతకీ ఆ రోజు ఎక్కడున్నావు బావా?" అన్నాడట, ఈసారి నవ్వకుండా. చెయ్యి కట్టేసి ఉంది, పారిపోయే దారి లేదు. "మిల్లులోనే ఉన్నానురా" అన్నాడట బావ.

తర్వాతి రోజు బల్ల దగ్గరికొచ్చి తనే చెప్పాడు. ఆ వారం లారీలు కదల్లేదట. బస్తాలు మిల్లు కప్పు దాకా పేరుకున్నాయి. పని లేక హమాలీలు ఆ బస్తాల మీదే పడుకునేవాళ్లు. రేడియోలో ప్రాంతీయ వార్తల వేళకు మాత్రం దిగొచ్చి గుమాస్తా బల్ల చుట్టూ నిలబడేవాళ్లు. వార్తలయ్యాక వాళ్లలో ఒక ముసలాయన రోజూ ఒకే మాట అడిగేవాడట: "రెండ్రూపాయల బియ్యం ఉంటాయా అయ్యా?" బావకేం తెలుసు? రోజూ "ఉంటాయిలే" అనేవాడు. చెబుతూ చెబుతూ బావ గొంతు సవరించుకున్నాడు. మాస్టారు తల ఎత్తలేదు.

రాజ్‌భవన్ కథ మేం వందసార్లు విన్నాం. బస్తాల కథ అప్పుడే మొదటిసారి వినడం.

పద్ధతి

అందుకని మాస్టారు వెక్కిరింపుగా అడిగిన ప్రశ్ననే నియమం చేసుకున్నాం. రాజకీయం గానీ సినిమా గానీ, ఎక్కడ ఉండి చూశావో చెప్పి మొదలుపెట్టాలి. చూడలేదా, ఎవరి నోట విన్నావో చెప్పాలి. "అందరూ అంటున్నారు" అన్నవాడు నాలుగు టీలకు డబ్బులివ్వాలి. మా దగ్గర టీ పది రూపాయలు, అంటే నలభై. జరిమానా మరీ ఎక్కువైతే మనిషి రావడం మానేస్తాడు, మరీ తక్కువైతే సిగ్గుండదు. పింఛను మీద బతికే వాళ్లకు నలభై సరిగ్గా తగులుతుంది.

అడిగేవాడికీ ఒక షరతుంది. "ఎక్కడున్నావు?" అని ఆపేస్తే అది పోలీసు ప్రశ్న. వెంటనే "ఏం చూశావు?" అని కూడా అడగాలి. రెండోది మరిస్తే ఒక టీ.

నా వంతుగా 1983 జనవరి, ఎన్టీఆర్ మొదటిసారి గెలిచిన ఎలక్షను సంగతి చెబుతాను. నేను క్యాబిన్‌లోనే ఉన్నాను. కౌంటింగు రాత్రి సెకండ్ షోకి మా మేనేజరు ఎక్కడెక్కడి అంకెలో ఫోనులో కనుక్కుని పైకి పంపేవాడు. నేను గాజు పలకకు దీపం మసి పట్టించి, సూదితో ఆ అంకెలు గీసి, స్లైడు వేసేవాణ్ని. తెర మీద ఆడుతున్నదీ ఎన్టీఆర్ పాత జానపదమే. ఆయన కత్తి దూసిన చోట, సరిగ్గా ఆయన ఛాతీ మీద అంకెలు పడ్డాయి. నేల క్లాసు వాళ్లు లేచి చొక్కాలు విప్పి ఊపారు. ఒకడు గోలీ సోడా కొట్టి పక్కవాడి నెత్తిన పోశాడు. ఆ ఎలక్షను గురించి నాకు సొంతంగా తెలిసింది ఇంతే. మిగతాదంతా పేపర్లో చదివిందే.

పేపరు

ఒక్క పేపరు చదివి బల్ల దగ్గరికి రావద్దు. మన తెలుగు పేపర్లూ టీవీలూ ఎవరెవరి వైపో చంటి పిల్లాడికి కూడా తెలుసు. ఒకటి ఇంటికి వేయించుకోండి, దానికి పడనిది టీ కొట్టులో చదవండి. ఒకే సభ గురించి ఒకదాంట్లో "పోటెత్తిన జనం" అని, ఇంకోదాంట్లో "ఖాళీ కుర్చీలు" అని ఉంటుంది. సభ జరిగిందన్న మాట రెండింట్లోనూ ఉంది కాబట్టి వార్త అది. జనం సంగతి ఆ సభకు వెళ్లిన ఆటోవాణ్ని అడగాలి. మాస్టారు దీన్ని సమితుల ఛేదనం అంటాడు. రెండు సున్నాలు గీసి, అవి ఒకదాని మీద ఒకటి పడ్డ చోట గీతలు కొట్టి చూపిస్తాడు, అంతా తొమ్మిదో తరగతి అయినట్టు.

ఇంకో మాట. మొదటి పేజీ చివర చదవండి. ముందు జిల్లా పేజీ. కాలవకు నీళ్లు ఎప్పుడొదులుతారు, కరెంటు ఎప్పుడు తీస్తారు, మినుములు ఎంత పలుకుతున్నాయి. ఇవి చదివాక మొదటి పేజీలో అరుపులు సగం చల్లారిపోతాయి.

ఫోను గురించి చెప్పాలంటే నా తప్పే చెప్పుకోవాలి. పోయినేడాది ఓ పొద్దున వాట్సాప్‌లో ఒక పాత నటుడు పోయాడని వచ్చింది. ఫొటో, దండ, జనన మరణ తేదీలతో సహా. నేను కళ్లనీళ్లు పెట్టుకుని బల్ల దగ్గర చెప్పాను. నలుగురం లేచి రెండు నిమిషాలు మౌనం పాటించాం. వాకింగుకొచ్చిన ఇద్దరు ఆడవాళ్లు కూడా మమ్మల్ని చూసి ఆగారు. సాయంత్రం టీవీ పెడితే ఆయన పట్టు చొక్కాతో ఏదో ఫంక్షన్లో జోకులేస్తున్నాడు. మా ఆవిడ, "పాపం, మీరు అంత చక్కగా సంతాపం చెప్పారు, ఆయనకు తెలిసినట్టు లేదండీ" అంది. ఆ వారం టీలన్నీ నావే.

పుస్తకం

క్యాబిన్‌లో మాకొక లెక్కల పుస్తకం ఉండేది. ఏ రీలుకు ఎన్ని అతుకులు, ఏ ఆటలో మిషనుకు వెలుతురిచ్చే కార్బన్ కడ్డీలు ఎన్ని కాలాయి, ఎన్ని గంటలకు కరెంటు పోయింది, అన్నీ రాయాల్సిందే. ఆ అలవాటే ఇప్పుడు బల్లకు తెచ్చాను. రెండొందల పేజీల నోటు పుస్తకం చాలు. ఎడమ పేజీలో నాయకుడు ఏమన్నాడో, ఏ తేదీన, మనం ఎక్కడ విన్నామో రాయాలి. కుడి పేజీ ఖాళీగా వదిలేయాలి. అది నింపడానికి తొందర పడకూడదు. ఏడాదికోసారి, సంక్రాంతి తర్వాత, నలుగురూ ఉండగా తీయాలి.

దీనివల్ల మా బల్ల మీద పింఛను గొడవ తీరింది. మా వాడు పెంచాడంటే మా వాడు పెంచాడని బావకీ కాంపౌండరుకీ రోజూ రగడే. పుస్తకం తీసి చదివాను. 2014 అక్టోబరులో రెండొందలు కాస్తా వెయ్యి అయింది. 2019 ఎన్నికల ముందు రెండు వేలు. ప్రభుత్వం మారింది, రెండొందల యాభైల చొప్పున పెరుగుతూ 2024 జనవరికి మూడు వేలు. మళ్లీ ప్రభుత్వం మారింది, నాలుగు వేలు. 2024 జులై 1న పాత నెలల బకాయితో కలిపి ఏడు వేలు నా చేతిలో పెట్టారు. అందరూ పెంచారు. పెద్ద గెంతులు మాత్రం అన్నీ ఎలక్షన్ల చుట్టుపక్కలే పడ్డాయి. బావ పుస్తకం లాక్కుని రెండుసార్లు చదువుకుని, "అయితే ఏడాదికో ఎలక్షను పెట్టమనండి" అన్నాడు. అది కూడా రాశాను, బావ పేరుతో, ఎడమ పేజీలో.

సినిమా

రాజకీయానికన్నా సినిమా ప్రమాదం. పార్టీ మార్చిన వాణ్ని చూశాను గానీ హీరోని మార్చిన వాణ్ని చూడలేదు. అందుకని "ఎవరు గొప్ప" అన్న మాటే మా బల్ల మీద నిషేధం. దాని బదులు ఇలా అడగాలి: ఏ హాల్లో చూశావు, ఏ ఆట, ఏ క్లాసు, పక్కన ఎవరున్నారు?

సినిమా బాగుందో లేదో చెప్పడానికి నా లెక్క వేరే ఉంది. చెబితే నమ్మరు గానీ, రెండొందల ఆటలు వేసిన సినిమాను కూడా నేను పూర్తిగా చూడలేదు. రెండు వేల అడుగుల రీలు ఇరవై రెండు నిమిషాలు వస్తుంది. అది తిరుగుతుండగానే పక్క మిషనుకు తర్వాతి రీలు ఎక్కించాలి. కార్బన్ కడ్డీలు కాలే కొద్దీ దగ్గరికి జరుపుతుండాలి, ఏమరితే తెర పసుపెక్కిపోతుంది. రీలు ఆఖర్న తెర కుడి పైమూల ఒక చుక్క మెరుస్తుంది. రెండో మిషను మోటారు వేయాలి. ఏడు సెకన్లకు ఇంకో చుక్క. దీన్ని మూసి దాన్ని తెరవాలి. ఈ పనుల్లో ఏ సినిమాలోనైనా ఇరవయ్యేసి నిమిషాలకోసారి కథ నాకు తప్పిపోయేది. పోయినసారి ఓటేసినప్పుడు పక్కనున్న మిషను అద్దంలో చీటీ ఏడు సెకన్లు కనబడి పెట్టెలో పడుతుందన్నారు. నేను అలవాటు కొద్దీ రెండో చుక్క కోసం చూశాను.

అందుకని తెరను వదిలేసి జనాన్ని చూడటం నేర్చుకున్నాను. అప్పట్లో హాల్లోనే బీడీలు కాల్చేవాళ్లు. క్యాబిన్ కిటికీ నుంచి తెరకు వెళ్లే వెలుతుర్లో ఆ పొగ సుళ్లు తిరుగుతూ కనిపించేది. సీను సాగుతోందంటే పొగ లేస్తుంది. సీను పట్టుకుందంటే వెలుతురు తేటగా అయిపోతుంది, ఎవడూ అగ్గిపుల్ల గీయడు. ఆఖరి రీల్లో తేటగా ఉన్న సినిమాలు వంద రోజులు ఆడాయి. ఇప్పుడు పొగ లేదు, సెల్‌ఫోన్లున్నాయి. మనవడితో మల్టీప్లెక్సుకు వెళ్లినప్పుడు నేను వెనక వరసలో కూర్చుని వెలిగిన ఫోన్లు లెక్కపెడతాను. ఇంటర్వెల్ తర్వాత పది దాటితే ఆ సినిమా రెండో వారం ఉండదని మా వాడికి చెబుతాను. చాలాసార్లు నిజమైంది. రెండుసార్లు తప్పాను, ఆ రెండూ వాడికి బాగా గుర్తు.

ఏ ఆట, ఏ క్లాసు అని ఎందుకు అడగాలో ఇప్పుడు చెబుతాను. 1974లో అల్లూరి సీతారామరాజు వచ్చింది. తెలుగులో మొదటి సినిమాస్కోప్, అంటే వెడల్పు తెర బొమ్మ. ఆ బొమ్మకు వేరే లెన్సు తగిలించాలి, లేకపోతే మనుషులు అటూ ఇటూ నొక్కేసినట్టు సన్నగా, తాటిచెట్లంత పొడుగ్గా కనిపిస్తారు. ఓ మ్యాట్నీకి, ముందు వేసే ప్రభుత్వం న్యూస్ రీలు అయ్యాక, నేను లెన్సు మార్చడం మరిచిపోయి బొమ్మ వదిలాను. హాలు హాలంతా లేచింది. "రేయ్ ఆపరేటర్, నిద్రపోతున్నావా" అని మొదలై మా అమ్మ దాకా వెళ్లింది. నా చేతులు వణికి లెన్సు బిగుసుకోలేదు. చెప్పు ఒకటి వచ్చి కిటికీ పక్కన గోడకు తగిలింది. నలభై ఏళ్లు దాటినా ఈ సంగతి నేనెవరికీ చెప్పుకోలేదు.

ఓ రోజు బల్ల మీద మాస్టారు వంతు వచ్చింది. "తెనాల్లోనే, మ్యాట్నీ, బెంచీ టికెట్టు, పక్కన మా అన్నయ్య. మా కృష్ణను అరటి బోదెలా చూపించాడండీ ఆ ఆపరేటరు వెధవ. చెప్పు విసిరాను. తర్వాత దొరకలేదు, ఒంటి చెప్పుతో ఇంటికెళితే మా నాన్న ఉతికాడు."

నేను అడగాల్సిన రెండో ప్రశ్న కూడా అడగలేకపోయాను. కాసేపాగి, "ఎడమ కాలిదా, కుడి కాలిదా?" అన్నాను. మాస్టారు కళ్లజోడు తీసి నన్నే చూస్తూ ఉండిపోయాడు.

మనవళ్లకు పాత సినిమా చూపించాలనుకుంటే మొదటి నుంచి పెట్టకండి. మాయాబజార్ 1957 నాటిది, పేర్లు పడుతుండగానే వాళ్లు ఫోను తీస్తారు. ఘటోత్కచుడు భోజనానికి కూర్చున్న చోట పెట్టండి. లడ్లు వాటంతటవే ఎస్వీ రంగారావు నోట్లోకి ఎగిరి వెళతాయి. "తాతయ్యా, ఇదెలా తీశారు? అప్పుడు కంప్యూటర్లు లేవుగా" అని వాడే అడుగుతాడు. వెంటనే జవాబు చెప్పేయకండి. మళ్లీ పెట్టి చూసుకోమనండి. మూడోసారికి వాడే మొదటి నుంచి పెట్టమంటాడు. "మా రోజుల్లో" అని మాత్రం నోరు జారవద్దు. ఆ రెండు మాటలకు మా ఇంట్లో టీవీ ఆగిపోతుంది.

మిగతా చిల్లర సంగతులు

మాత్ర వేసుకుని, ఇడ్లీ అయినా రెండు తిని రండి, ఖాళీ కడుపుతో రాజకీయం వద్దు. స్టెంటు ఉన్న మనిషిని చివర కూర్చోబెట్టండి, లేచి వెళ్లడానికి వీలుగా. ఎనిమిదికి ఎండ బల్ల మీదికి వస్తుంది, అప్పటికి ముగించాలి. ఆఖరి మాట తనదే ఉండాలని పట్టుబట్టేవాడు ప్రతి బల్లకూ ఒకడుంటాడు. వాడికే టీ చెప్పిరమ్మని పని పెట్టండి.

పోలింగుకు 48 గంటల ముందు బయట ప్రచారం ఆగిపోతుంది కదా, మా బల్ల మీదా ఆపేస్తాం. ఆ రెండు రోజులూ ఆవకాయ, మోకాళ్లు, కోడళ్లు. ఓటుకు పొద్దున ఏడింటికే వెళ్లండి. 2024లో మే 13న పడింది, తొమ్మిదికల్లా నిప్పుల కొలిమి. పెద్దవాళ్లకు వేరే లైను ఉంటుంది, సిగ్గుపడకుండా అందులో నిలబడండి. ఎవరికి వేశావని అడిగినవాడికి మా దగ్గర ఎనిమిది టీలు.

బల్ల మీది గొడవ ఇంటికి మోసుకుపోకండి. నేను ఓసారి గుమ్మంలోకి వస్తూనే ఎవణ్నో తిడుతుంటే మా ఆవిడ వంకాయలు తరుగుతూ, "ఆయన ఇప్పుడు మనింట్లో లేడు కదండీ, చెప్పులు బయట విప్పండి" అంది.

పుస్తకం ఆఖరి పేజీలో టీల లెక్క కూడా రాసుకోండి, లేకపోతే అదొక కొత్త తగాదా. మా పోయిన నెల లెక్క ఇలా ఉంది: బావ నాలుగుసార్లు, మాస్టారు రెండు, కాంపౌండరు సున్నా, నేను తొమ్మిది. అందులో ఒకటి మాస్టారు చెప్పు బాకీ కింద కట్టించుకున్నాడు.